లోపలికి పీల్చిన అవును

మా ప్రాంతంలో ‘అవును’ అనడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి నిఘంటువులో దొరుకుతుంది. రెండవది దొరకదు, ఎందుకంటే దానిని రాయడానికి అక్షరం లేదు. పెదవులను సన్నగా ముడిచి, గాలిని ఒక్కసారి చురుక్కున లోపలికి పీల్చాలి, అంగీకారం తెలిపినట్లే. ఉత్తర స్వీడన్ చలిలో నోరు తెరిచి వెచ్చదనాన్ని వృథా చేయడం ఇష్టం లేని పూర్వీకులెవరో దీనిని కనిపెట్టి ఉంటారని నా అనుమానం. ఆస్ప్‌లిడెన్ బడిలో వ్యాకరణం చెప్పినన్నాళ్లూ ఈ రెండవ అవునును నేను తరగతి గదిలోకి రానివ్వలేదు. “నోటితో చెప్పండి, పూర్తిగా చెప్పండి” అనేదాన్ని. పిల్లలు చెప్పేవారు. గంట కొట్టగానే బయటికి వెళ్లి మళ్లీ గాలి పీల్చేవారు.

నా దగ్గర చదువుకున్నవారిలో తూర్‌బోరీ, ఆమె తమ్ముడు అల్గొత్ ఉన్నారు. తూర్‌బోరీకి ఇప్పుడు యాభై దాటాయి. పట్నంలోని వృద్ధాశ్రమంలో బట్టలుతికే గది ఆమెది. అక్కడ ప్రతి చొక్కాకు, ప్రతి మేజోడుకు యజమాని పేరున్న గుడ్డపట్టీ కుట్టాలి. లేకపోతే ఒకరి బట్టలు మరొకరి బీరువాలోకి వెళ్తాయి. ఆ పనిలో ఆమె ఎన్నడూ పొరబడలేదు. మితభాషిణి. ఏ మాటనూ మరచిపోదు. ఎవరైనా అన్న మాటనైతే అసలే మరచిపోదు.

వాళ్ల తండ్రి హిల్డింగ్ మా ఊరి వేట బృందానికి పెద్ద. శరదృతువు మొదట్లో గుర్రమంత ఎత్తుండే దుప్పులను వేటాడి, హిల్డింగ్ కొట్టంలోనే గొలుసు కప్పీతో దూలానికి ఎత్తి, చర్మం ఒలిచి, మాంసం పంచుకోవడం మావాళ్ల ఆనవాయితీ. వేట లేని కాలంలో ఆ కొట్టంలో హిల్డింగ్ తన నీలం రంగు కారును విప్పి బిగించేవాడు. అల్గొత్ పానాలు అందించేవాడు, తరువాత తానే బిగించేవాడు. తూర్‌బోరీకి ఇచ్చిన పని దీపం పట్టుకోవడం. బాల్యమంతా ఆ కొట్టంలో ఆమెను ఉద్దేశించి పలికిన వాక్యం ఒక్కటే: “దీపం కదపకు.” రెండు పదాలు, అందులో ఒకటి వ్యతిరేకార్థకం.

ఆఖరి సంవత్సరాల్లో తండ్రి ఇంట్లోనే ఉంటూ ఆయనను కనిపెట్టుకున్నది ఆమె. ఆయన పోయాక తేలిన విషయమేమంటే, అడవి, తుపాకి, బురదనేల అంచున వేటాడే చోటు, బృందం పెద్దరికం అల్గొత్‌వి. కారు తూర్‌బోరీది. తనకు ఆ కారు చాలనుకుంది. నూనె మార్చడంలో హిల్డింగ్ ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు కాబట్టి ఆ ఇంజిన్ శబ్దం పిల్లి గుర్రులా ఉండేది. ఆ శబ్దం వింటే తండ్రి ఇంటికి వచ్చినట్లుండేది ఆమెకు.

ఏప్రిల్‌లో హిల్డింగ్ అంత్యక్రియలయ్యాక ఆయన ఇంటి వంటగదిలో కాఫీకి కూర్చున్నాం. వేట బృందంవాళ్లు ఎనిమిదిమందీ ఉన్నారు. అందరిలోకీ పెద్దవాడైన ఏవెర్ట్, పళ్ల మధ్య చక్కెర బిళ్ల పెట్టుకొని, సాసర్‌లో పోసుకున్న కాఫీని దాని మీదుగా జుర్రుకుంటున్నాడు. అల్గొత్ మావాళ్ల అలవాటు ప్రకారం కాఫీ కప్పులో జున్ను ముక్కలు వేసుకొని, వాటిని చెంచాతో వెతుకుతూ, తల ఎత్తకుండానే మాట్లాడాడు.

“అక్కా, నా బండి ఇంజిన్ పోయింది. నాన్న బండీ నా బండీ ఒకటే రకం కదా. నాన్న ఇంజిన్ నా బండిలో పెట్టుకుంటా. నీకు బండెందుకు, బస్సుంది. ఏమంటావ్?”

తూర్‌బోరీ చన్నీళ్లలో దిగినవారు పీల్చినట్లు గాలి పీల్చింది. ఆ శబ్దం వంటగదిలో స్పష్టంగా వినిపించింది.

“సరే అయితే,” అన్నాడు అల్గొత్, జున్ను ముక్కను నోట్లో వేసుకొంటూ.

ఆమె తేరుకొని మాట కూడదీసుకొనేలోగా సంభాషణ మంచు మీదికీ రోడ్ల మీదికీ మళ్లిపోయింది. ఆ వారంలోనే, ఆమె పనిలో ఉన్న పూట, అల్గొత్ బృందంలోని ఇద్దరు మిత్రులతో వచ్చి ఇంజిన్ ఎత్తుకుపోయాడు. తిరిగివచ్చిన తూర్‌బోరీకి బానెట్ కింద ఖాళీ గుంత కనిపించింది. పక్కన చెక్కపలకల మీద అల్గొత్ చచ్చిన ఇంజిన్ ఉంది. చలికాలంలో దుప్పి మాంసం నింపిన బండిని నూనె చూసుకోకుండా కొండ ఎక్కించి అతడే చంపిన ఇంజిన్ అది.

ఆమె ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికి నడిచి వెళ్లింది.

“నేను అవునన్లేదురా.”

“అన్నావక్కా. ఎనిమిదిమంది విన్నారు.”

“అది ఊపిరి.”

“ఈ ఊళ్లో అందరం ఊపిరితోనే చెప్తాం. నీకోసం చీటీ రాయించుకోవాలా ఏం? ఆ పాతదాన్ని ఇనుముకి అమ్ముకో, వంటింట్లోకి కొత్త తెరలొస్తాయి.”

ఏవెర్ట్‌ను అడిగింది. “విన్నామమ్మాయ్,” అన్నాడు నేల చూస్తూ. “ఊపిరి పీల్చావు. అది అబద్ధం అన్లేను.”

ఏవెర్ట్ అబద్ధమాడే మనిషి కాడు. అదే ఆమెను ఎక్కువగా మండించింది.

అప్పటినుంచి ప్రతి ఉదయమూ అల్గొత్ కారు ఆమె ఇంటి ముందునుంచి వెళ్లేది. పిల్లి గుర్రులాంటి తండ్రి ఇంజిన్ శబ్దం మలుపు దగ్గర మొదలై, కిటికీ కిందికి వచ్చి, దూరమయ్యేది. మధ్యలో అల్గొత్ సరదాగా హారన్ కొట్టేవాడు. కాఫీ కాస్తున్న తూర్‌బోరీ పొయ్యి ముందు బిగుసుకుపోయేది. ఏడ్చిందని ఎవరూ చెప్పలేదు. ఒకనాడు నాతో మాత్రం, ఉతికిన బట్ట మడతపెట్టినంత శాంతంగా ఇలా అంది: “పంతులమ్మగారూ, ఆ ఇంజిన్ మళ్లీ నా బండిలో కూర్చోవాలి. వాడి ఊపిరితోనే తీయాలి. నా చేత్తోనే తీయాలి. వాడు చూస్తుండాలి.”

ఆమెకు అప్పటికి చక్రం మార్చడం కూడా రాదు.

మే నెలలో మంచు కరిగాక ఆమె కొట్టం తలుపులు తెరిచింది. కారు మరమ్మతు పుస్తకాన్ని గ్రంథాలయం నుంచి తెచ్చి, వంటల పుస్తకం నిలబెట్టే చెక్కమీద నిలబెట్టింది. దూలానికి గొలుసు కప్పీ వేలాడుతూనే ఉంది. అది బృందం సొత్తు కాబట్టి మర్యాదకు అల్గొత్‌ను అడిగింది.

“వాడుకో,” అన్నాడు అతడు నవ్వుతూ. “కానీ వేట ముందు కాఫీకి వచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉండాలి. అయినా ఏం ఎత్తుతావ్ దాంతో?”

“నీ ఇంజిన్ని నా బండిలో పెడతా.”

“అది చచ్చిందక్కా. కదలదు.”

“తెలుసు.”

ఈ సమాధానం ఆ వేసవి అంతా ఊరికి వినోదం పంచింది. తూర్‌బోరీ ఆ చచ్చిన ఇంజిన్‌ను ఖాళీ గుంతలో పెట్టి, అన్నీ బిగించి, ఒక రోజు ఆగి, మళ్లీ అన్నీ విప్పి బయటికి తీసేది. మళ్లీ పెట్టేది. దోమలు చెవుల చుట్టూ మూగేవి. ఆమె తలకు గుడ్డ చుట్టుకొని పని చేసేది. కొట్టం ముందునుంచి వెళ్లేవారు ఆగి చూసేవారు.

“శవాన్ని ఎన్నిసార్లు పూడ్చి ఎన్నిసార్లు తవ్వుతావమ్మాయ్?” అని ఏవెర్ట్ అడిగాడు.

“చెయ్యి తిరిగేదాకా.”

మొదటి ప్రయత్నంలో జరిగింది ఊరంతా చూసింది. పెట్టడం ఎలాగో పెట్టింది. తీయడానికి గొలుసు లాగుతుంటే ఇంజిన్‌తోపాటు కారు మూతి కూడా పైకి లేచింది, ముందు చక్రాలు నేలను వదిలాయి. అడుగున ఇంజిన్‌ను చట్రానికి పట్టి ఉంచే నట్టు ఒకటి ఆమె విప్పలేదు. అంతలో అల్గొత్ తన కారు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“అక్కా, బండినే ఒలిచి పంచుతావా? నాకు తొడ ముక్క తీసిపెట్టు.”

ఆమె వెనక్కి తిరగలేదు. గొలుసు నెమ్మదిగా దింపి, బురద నేలమీద వెల్లకిలా పడుకొని కారు కిందికి జారింది. ఆ తరువాత ఏ నట్టునూ మరచిపోలేదు.

వైర్లదీ గొట్టాలదీ మరో బాధ. విప్పేటప్పుడు అన్నీ అర్థమైనట్లే ఉంటాయి. బిగించేటప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడామెకు తన వృత్తి గుర్తుకొచ్చింది. ఆశ్రమంలో చనిపోయినవారి పేర్ల పట్టీలు వాడకుండా మిగిలి, ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. విప్పే ప్రతి చోటా రెండు కొసలకూ ఒకే పేరున్న పట్టీలు కట్టింది. ఎల్నా వెళ్లి ఎల్నాను కలుసుకోవాలి. సిక్స్‌టెన్ సిక్స్‌టెన్ దగ్గరికే చేరాలి. రేడియేటర్ పై గొట్టం ఫోల్కె. బతికున్నప్పుడు అతడికి ఎప్పుడూ చెమటలే. ఇంజిన్ వెనుక, గోడవైపు దాగి ఉండే అల్లిక తీగ అందరికంటే మొండిది. చూడకుండా ఎత్తితే తెగుతుంది. దానికి యెర్డా అని పేరు పెట్టింది. యెర్డా స్నానానికి రమ్మంటే మంచం పట్టె వదిలేది కాదట.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది క్లచ్. గేర్‌బాక్స్ నుంచి వచ్చే కడ్డీ క్లచ్ పళ్లెం మధ్య రంధ్రంలోకి సూటిగా దూరితే తప్ప ఇంజిన్ తన చోట కూర్చోదు. పళ్లెం జొన్నగింజంత పక్కకు జరిగినా చాలు, ఇంజిన్ చివరి అంగుళం దగ్గర మొండికేసి నిలబడిపోతుంది. దానిని తోసి తోసి ఆమె భుజాలు వాచాయి. చివరికి విరిగిన పార కర్రను చాకుతో చెక్కి, ఒక కొస రంధ్రానికి సరిపోయేట్లు సన్నబరిచి, దానిని దూర్చి పళ్లేన్ని మధ్యకు తెచ్చి బిగించింది. కర్ర తీసేశాక ఇంజిన్ గేర్‌బాక్స్ మీదికి తలుపు గడియ పడినంత సులువుగా జారి కూర్చుంది. ఆ కర్ర హిల్డింగ్ పారదే. కర్రను ఎప్రన్ జేబులో పెట్టుకొని ఆ వేసవంతా తిరిగింది.

ఆగస్టు చివర బెర్రీలు పండేనాటికి ఆమె చేతుల్లో సంకోచం పోయింది. పుస్తకం గ్రంథాలయానికి తిరిగి వెళ్లిపోయింది. చచ్చిన ఇంజిన్ బయటే చెక్కపలకల మీద, శుభ్రంగా తుడిచి, చుట్టూ తాడు కట్టి ఉంది. నీలం కారు ఖాళీ గుంతతో కొట్టంలో ఒక పక్కగా నిలిచింది.

వేట సోమవారం మొదలవుతుంది. దానికి ముందటి శనివారం ఉదయం బృందం కొట్టానికి వచ్చింది. బల్లమీద కాఫీ, పల్చని రొట్టెలు, నేను చేసిపెట్టిన ఏలకుల బన్నులు. అల్గొత్ ప్రతి ఏటా చేసినట్లే సామాను దించడానికి తన కారును వెనక్కి నడిపి, కొట్టం మధ్యకు, సరిగ్గా గొలుసు కప్పీ కిందికి తెచ్చి ఆపాడు. ఆపి, నీలం కారును చూసి ముఖం చిట్లించాడు.

“ఖాళీ చెయ్యమన్నా కదక్కా.”

“చేస్తా. ముందు కాఫీ తాగు.”

అతడు తాగాడు. ఈసారి దుప్పులు ఎటునుంచి వస్తాయో, ఎవరెవరు ఎక్కడ నిలబడాలో చెప్పసాగాడు. తండ్రి కూర్చునే పీటమీదే కూర్చున్నాడు. తూర్‌బోరీ కెటిల్ కింద పెట్టి, అతడి ఎదురుగా నిలబడింది. ఏప్రిల్‌లో తాను విన్న వాక్యాలను అదే వరుసలో, అదే స్వరంతో అప్పగించింది.

“అల్గొత్, నాన్న ఇంజిన్ నా బండిలో పెట్టుకుంటా. ఇప్పుడే తీస్తా. నీకు బండెందుకు, కాళ్లున్నాయి. ఏమంటావ్?”

అల్గొత్ గాలి పీల్చాడు. చిన్న శబ్దం కాదు. కొట్టం చివర కట్టేసిన వేటకుక్క చెవులు నిక్కబొడిచింది. అతడి చేతిలోని కప్పు తొణికి, జున్ను ముక్క ఒకటి బూటుమీద పడింది.

“సరే అయితే,” అంది తూర్‌బోరీ.

“ఏం సరే? నేను అవునన్లేదు.”

“అన్నావు.”

“అది ఉలికిపాటు. ఎవడైనా ఉలిక్కిపడతాడు.” అతడు బృందం వైపు తిరిగాడు. “మీరు చెప్పండి. ఏవెర్ట్ మామా, నువ్వు చెప్పు. నేను అవునన్నానా?”

ఏవెర్ట్ సాసర్ బల్లమీద పెట్టాడు. పళ్ల మధ్య మిగిలిన చక్కెరను మింగేదాకా అందరినీ ఆపాడు. అల్గొత్ కళ్లలోకి చూసి, పెదవులు ముడిచి, గాలి లోపలికి పీల్చాడు.

అతడి పక్కవాడు పీల్చాడు. ఆ పక్కవాడు పీల్చాడు. బల్ల చుట్టూ ఆ శబ్దం ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ తిరిగి వచ్చింది. ఏప్రిల్‌లో ఇంజిన్ మోయడానికి సాయం వచ్చిన ఆ ఇద్దరు తల వంచుకొనే పీల్చారు. తుమ్మబోయి ఆపుకున్నట్లున్న ఒక శబ్దం చివర్న వచ్చింది, అది నాదే.

“మీరు కూడానా టీచర్?” అన్నాడు అల్గొత్.

“వినిపించినదానికి సాక్ష్యం చెప్పాను,” అన్నాను.

అతడు కారు తాళంచెవిని పిడికిట్లో బిగించి లేచాడు. తూర్‌బోరీ అతడికి అడ్డం రాలేదు. వెళ్లి దూలం పక్కనుంచి దీపం తీసింది. పొడుగాటి తీగ, తీగ గూటిలో బల్బు, చిన్నప్పటి దీపమే. దానిని తమ్ముడి ముందు చాపింది.

“దీపం పట్టుకుంటే నీ పాత ఇంజిన్ని నీ బండిలో బిగించి ఇస్తా. నేను నీలాగ గుంత వదలను. పట్టుకోనంటే గుంతతోనే తోసుకుపో. అడవిలో ఎవరి మాట ఎంత నమ్మాలో వీళ్లందరికీ ఇవాళ తెలుస్తుంది, అదొక్కటి గుర్తుపెట్టుకో.”

మాట మీద నిలబడనివాడి చేతి సైగను నమ్మి ఎవరూ తుపాకి ఎత్తరు. ఆ సంగతి బృందం పెద్దకు అందరికంటే బాగా తెలుసు. అల్గొత్ తాళంచెవి బల్లమీద పెట్టి దీపం అందుకున్నాడు.

ఆ శనివారమూ మరునాడూ చూసిన పనిని నేను చాలాకాలం మరచిపోను. ఆమె బానెట్‌ను విప్పి పక్కకు తీసింది, నీళ్లు వదిలింది, రేడియేటర్‌ను తీసి గోడకు ఆనించింది. పట్టీలు కట్టుకుంటూ పోయింది: ఎల్నా, సిక్స్‌టెన్, ఫోల్కె. చేతులు తడుముకోలేదు. అల్గొత్ దీపం పట్టుకొని నిలబడ్డచోటునుంచి మొదట సలహాలు చెప్పబోయాడు.

“అక్కా, ముందు ఆ కింది బోల్టు...”

“దీపం కదపకు.”

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. అల్గొత్ మెడ వెనుక ఎర్రబడింది. ఆమె ఇంజిన్‌ను ఎత్తేముందు వెనుక గోడవైపు చెయ్యి పెట్టి ఆ అల్లిక తీగను తడిమి విప్పింది.

“అదొకటుంటుందని నీకెలా తెలుసు? నేను తీసినప్పుడు నాకే తెగింది,” అన్నాడు అల్గొత్.

“చూశాను, అతుకు వేసి ఉంది. దాని పేరు యెర్డా. దీపం ఎడమకి. ఇంకా. చాలు.”

గొలుసు లాగుతుంటే హిల్డింగ్ ఇంజిన్, ముక్కు పైకెత్తి, మెల్లగా బయటికి వచ్చి గాలిలో ఊగింది. కారు మూతి లేవలేదు. బృందం అంతా మెడలెత్తి చూసింది. పెద్ద దుప్పిని దూలానికి ఎత్తినప్పుడు చూసినట్లే. ఆమె ఎప్రన్ జేబులోంచి చెక్కిన కర్ర తీసి, క్లచ్ పళ్లేన్ని మధ్యకు తెచ్చింది. ఆ కర్రను అల్గొత్ గుర్తుపట్టాడు. నాన్నదా, అని అడగబోయి మానేశాడు. అతడి చేతిలోని దీపం మొదటిసారి పక్కకు జరిగింది. ఈసారి ఆమె కదపకు అనలేదు.

ఆదివారం సాయంత్రానికి రెండు కార్లకూ రెండు ఇంజిన్లు ఉన్నాయి. అల్గొత్ కారులో అతడి చచ్చిన ఇంజిన్ ప్రతి బోల్టుతో సహా, నూనె గుడ్డతో తుడిచి మరీ బిగించి ఉంది. నీలం కారులో తూర్‌బోరీ కూర్చొని తాళంచెవి తిప్పింది. మొదట దగ్గింది. తరువాత పిల్లి గుర్రుమంది. ఆమె స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, ఎవరివైపూ చూడకుండా, ఆ శబ్దం వింది.

అల్గొత్ దీపాన్ని మేకుకు తగిలించి దగ్గరికి వచ్చాడు.

“రేపు తెల్లారగట్ట అడవికెళ్లాలి. నువ్వు పనికి వెళ్లేది ఆ దారే కదా. నన్ను ఎక్కించుకుంటావా?”

ఆమె దిగి బానెట్ మూస్తూ, పెదవులు ముడిచి, గాలి లోపలికి పీల్చింది.

సోమవారం ఉదయం అల్గొత్ తన గేటు ముందు తుపాకి భుజాన వేసుకొని, కుక్కను పట్టుకొని నిలబడ్డాడు. నీలం కారు మలుపు తిరిగింది. అతడు కుక్కను దగ్గరికి లాగి, సంచి ఎత్తాడు. కారు వేగం తగ్గలేదు. అతడి ముందునుంచి వెళ్తూ సరదాగా ఒకసారి హారన్ కొట్టింది. బృందం పెద్ద, బృందంలో అందరికంటే చివరగా, నడిచి అడవికి చేరాడు.

ఆ సాయంత్రం కొట్టంలో తొలి దుప్పిని ఎత్తుతుండగా అతడు అందరిముందూ అడిగాడు.

“నువ్వు అవునన్నావు కదక్కా.”

“చలి వేసిందిరా. ఊపిరి పీల్చుకున్నా.”

ఎవరూ సాక్ష్యానికి ముందుకు రాలేదు. ఏవెర్ట్ కత్తి నూరుకుంటూ ఉండిపోయాడు.

ఆ వారమంతా అల్గొత్ నడిచాడు. శుక్రవారం ఉదయం వర్షం మొదలైంది. మంచుగా మారడానికి తొందరపడే రకం వర్షం. గేటు దాటి కొంత దూరం నడిచిన అతడి పక్కన నీలం కారు ఆగింది. ఆ సమయానికి నేను ముందు సీట్లో ఉన్నాను. పట్నంలో కళ్ల వైద్యుడి దగ్గరికి పోతున్నాను. తూర్‌బోరీ కిటికీ అద్దం దించింది.

“ఎక్కుతావా?”

అల్గొత్ టోపీ అంచునుంచి నీళ్లు కారుతున్నాయి. అలవాటుకొద్దీ పెదవులు ముడిచాడు. ఆమె చెయ్యి అద్దం తిప్పే పిడిమీదికి వెళ్లింది. అతడు ఆగాడు. నోరు తెరిచాడు.

“అవును,” అన్నాడు. “ఎక్కుతాను.”

కర్త అంతర్లీనం, క్రియ సంపూర్ణం. బడిలో ఉన్నన్నాళ్లూ అతడినుంచి ఆ వాక్యాన్ని నేను రాబట్టలేకపోయాను.

“వెనక,” అంది తూర్‌బోరీ. “కుక్కతో.”